గ్యాసా, ఇండక్షనా, ఎగ్జాస్టా, ప్యూరిఫయరా: ఇంట్లో పొగ పోవాలంటే డబ్బు ముందు దేనికి పెట్టాలి?

మా అమ్మ జీవితంలో బీడీ ముట్టలేదు. మా నాయిన కూడా తాగేవాడు కాదు. అయినా రెండేళ్ళ కింద అమ్మకు దమ్ము ఎక్కువైందని నల్లగొండలో చూపిస్తే, డాక్టరు గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష చేసి సీఓపీడీ అన్నాడు. పొగతాగేవాళ్ళకు వస్తుందని మనం వింటుంటామే, ఆ ఊపిరితిత్తుల జబ్బు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "ఎన్నేండ్లు వండినవమ్మా కట్టెల పొయ్యి మీద?" అమ్మ లెక్కపెట్టుకోలేదు. "పెండ్లయిన కాన్నుంచి సారూ" అంది.

ఆ రాత్రే నేను ఫోన్లో ఎయిర్ ప్యూరిఫయర్లు వెతికి, పన్నెండు వేలది ఒకటి కార్ట్‌లో వేశాను. కొనలేదు, మంచి పనైంది. ఎందుకంటే మా ఊర్లో అమ్మ వంటింటికి అప్పటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదు, ఉన్న ఒక్క కిటికీకి బియ్యం బస్తా అడ్డం ఉంది, గ్యాస్ సిలిండర్ మాత్రం చుట్టాలొస్తే టీ పెట్టడానికన్నట్టు మూలకు ఉంది. అలాంటి ఇంట్లో ప్యూరిఫయర్ పెట్టడమంటే కప్పు కురుస్తుంటే మాపింగ్ కర్ర కొన్నట్టే.

ఈ రెండేళ్ళలో మా ఊర్లో అమ్మ ఇంట్లో, నల్లగొండలో మా ఇంట్లో, పాలమూరులో అక్క ఇంట్లో ఒక్కొక్కటీ మార్చుకుంటూ వచ్చాం. కొన్ని డబ్బులు దండగయ్యాయి కూడా. ఏది దేనికన్నా మేలో నాకు అర్థమైనంత వరకు రాస్తున్నా. మన దగ్గర గాలి గురించి మాట్లాడటం తక్కువ, నల్లగొండ అనగానే అందరికీ నీళ్ళు, ఫ్లోరైడే గుర్తొస్తాయి. కానీ 2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ గాలి కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ళ జాబితాలో హైదరాబాద్‌తో పాటు నల్లగొండ పేరు కూడా ఉంది. అది బయటి గాలి లెక్క. మూసిన వంటింట్లో కట్టెలు మండితే దాని ముందు రోడ్డు పొగ ఎంత!

పొయ్యి దగ్గరే అసలు తేడా

అమ్మ వాడిన కట్టెలు మీకు తెలిసినవే. మాఘమాసం దాటాక పత్తి కట్టె, తర్వాత కంది కట్టె, అవి అయిపోతే సర్కారు తుమ్మ. పత్తి చేనుకు ఎన్నిసార్లు మందు కొడతామో లెక్క లేదు, ఆ కట్టెనే తెచ్చి అన్నం కింద పెడతాం. వానాకాలంలో కట్టె తడిసి అంటుకోకపోతే ఊదుగొట్టం పట్టుకుని ముఖం పొయ్యికి మూరెడు దూరంలో పెట్టి ఊదాలి. ఊదేముందు గుండెల నిండా పీల్చుకునేది కూడా ఆ పొగనే. పక్కన పసిపిల్ల ఉంటే అదీ పీలుస్తుంది.

ఆ పొగలో కంటికి మంట పెట్టేదొక్కటే కాదు సమస్య. పీఎం 2.5 అంటారే, 2.5 మైక్రాన్లు కూడా లేని నుసి, మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు ఉంటుందనుకోండి. ముక్కు దాన్ని ఆపలేదు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, అందులో కొంత రక్తంలోకీ దిగుతుంది. అందుకే ఇంటి పొగ వల్ల వచ్చేవాటిలో దగ్గు, ఆయాసంతో పాటు గుండెజబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్, కంట్లో శుక్లం కూడా ఉన్నాయి. చిన్న పిల్లలకైతే న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఇంటి పొగ వల్ల చనిపోయినవాళ్ళు 32 లక్షలు, వాళ్ళలో ఐదేళ్ళలోపు పిల్లలే 2 లక్షల 37 వేల మందికి పైగా.

ఇదేదో బీహార్ సంగతి అనుకోకండి. హైదరాబాద్ చుట్టుపక్కల 28 పల్లెల్లో 3,717 మంది మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. అందులో దాదాపు 58 శాతం మంది ఇళ్ళలో వంట కట్టెలు, పిడకల లాంటి వాటి మీదే. బయటి గాలిలోనే ఏడాది సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు 5 దాటొద్దంటోంది, మన దేశం పెట్టుకున్న హద్దు 40. మన హద్దు ప్రకారం పాసయ్యామన్నమాట, సంతోషం.

సరే, దేన్ని ఎంచుకోవాలి?

పొగలేని పొయ్యి అని గొట్టం పెట్టి కట్టే మట్టి పొయ్యిలు గుర్తున్నాయా, 1980ల్లో ప్రభుత్వమే కట్టించేది. ఇప్పుడూ కొన్ని సంస్థలు కట్టిస్తుంటాయి. నా మాట అడిగితే దాని జోలికి పోకండి. గొట్టంలో మసి పేరుకుంటుంది, మట్టి పగులుతుంది, ఎవరూ తీసి శుభ్రం చేయరు. ఒడిశాలో ఇలాంటి పొయ్యిలను నాలుగేళ్ళు గమనిస్తే మొదటి ఏడాది పొగ తగ్గింది కానీ ఆ తర్వాత లాభం లేకుండా పోయింది. గ్యాస్ అస్సలు దొరకని చోటైతే వేరే మాట.

గ్యాస్‌తో కట్టెల పొయ్యిని పోల్చడమే అనవసరం, నుసి విషయంలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. గ్యాస్ మంట నుంచి కూడా నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, ఉబ్బసం ఉన్న పిల్లలకు అది మంచిది కాదు, అందుకే గ్యాస్ ఉన్నా గాలి పోయే దారి కావాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు పచ్చగా వచ్చి గిన్నె అడుగున మసి పడుతుంటే బర్నర్ తీసి కడగండి, పిన్నీసుతో రంధ్రాలు పొడవండి, అయినా పోకపోతే మెకానిక్‌ను పిలవండి.

అసలు చిక్కు గ్యాస్ కొనడంలో లేదు, వాడటంలో ఉంది. తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకంలో 500 రూపాయలకు సిలిండర్ అని 2024 ఫిబ్రవరి నుంచి ఇస్తున్నారు కదా, ఏడాదికి ఎన్ని సిలిండర్లకు అనేది అంతకు ముందు మూడేళ్ళు మీరు సగటున ఎన్ని వాడారో దాన్నిబట్టి. అంటే మా అమ్మలాగా కట్టెలు కాల్చి గ్యాస్ పొదుపు చేసినవాళ్ళకే తక్కువ వస్తాయి! పైగా ముందు పూర్తి ధర కట్టాలి, మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. కూలికి పోయే ఇంట్లో ఆ పూర్తి ధర ఒక్కసారి చేతిలో ఉండకపోవడం వల్లే మళ్ళీ కట్టెలకు పోతున్నారు. ఇంట్లో సంపాదించే కొడుకో బిడ్డో ఉంటే, అమ్మకు పండక్కి చీర కొనేబదులు సిలిండర్ బుక్ చేసి పంపడం మేలు. నేనిప్పుడు చేస్తున్నది అదే.

ఇండక్షన్ సంగతి ఇంకాస్త లెక్కతో చూడాలి. 14.2 కిలోల సిలిండర్ చేసే పని ఇండక్షన్ మీద చేస్తే సుమారు 140 యూనిట్ల కరెంటు అవుతుంది. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తుంది కానీ ఒక్క యూనిట్ దాటినా ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఫ్రిజ్, టీవీ, రెండు ఫ్యాన్లకు నెలకు తొంభై, వంద యూనిట్లు కాలే ఇల్లయితే వంట మొత్తం ఇండక్షన్ మీదికి మార్చగానే 200 దాటేస్తారు. అదే టీ, పాలు, పప్పు వరకే ఇండక్షన్ పెట్టుకుంటే నెలకు నలభై, యాభై యూనిట్లతో పోతుంది, సిలిండర్ ఇంకో రెండు వారాలు వస్తుంది. మీ మీటర్ రీడింగ్ ఒక నెల చూసుకుని నిర్ణయించుకోండి.

ఇంకో విషయం, సిల్వర్ గిన్నెలు, అదే అల్యూమినియంవి, ఇండక్షన్ మీద పనిచేయవు. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం గిన్నె అడుగుకు అంటుకుంటేనే అది పనికొస్తుంది. పాలమూరు అక్క ఇండక్షన్ కొన్న మొదటి రోజే జొన్న రొట్టె వేసి ఫోన్ చేసింది, "తమ్ముడూ, రొట్టె పొంగుతలేదురా, అట్టముక్క లెక్క అయితుంది" అని. జొన్న రొట్టెకు మంట కావాలి, అందులో వాదన లేదు. రొట్టెల పెనం గ్యాస్ మీదికి, మిగతావి ఇండక్షన్ మీదికి పంచుకుంది. నేనైతే నలుగురున్న ఇంటికి ఇలా గ్యాస్, చిన్న ఇండక్షన్ రెండూ పెట్టుకోమనే చెబుతాను.

నీళ్ళ పొయ్యిని మర్చిపోతాం

వంటకు గ్యాస్ వచ్చినా స్నానం నీళ్ళు ఇంకా కట్టెల మీదే కాగుతుంటాయి చాలా ఇళ్ళలో. దొడ్లో, ఇంటికి పది అడుగుల దూరంలో, పొగ లోపలికి రాకుండా ఉంటే నేను పెద్దగా పట్టించుకోను. కానీ మా ఊర్లో అది సరిగ్గా పడకగది కిటికీ కింద ఉండేది, పొద్దున్నే ఐదింటికి అంటిస్తే నిద్రపోయేవాళ్ళందరికీ ఆ పొగే. ముందు దాని చోటు మార్చాం. ఖర్చు సున్నా.

రాడ్ హీటర్ వాడితే బకెట్‌కు అర యూనిట్ కాలుతుంది, నలుగురికి రోజుకు రెండు యూనిట్లు, నెలకు అరవై. చలికాలం రెండు మూడు నెలలే కాబట్టి భరించొచ్చు, మళ్ళీ ఆ 200 గీత గుర్తుంచుకోవాలి. ప్లగ్ తీయకుండా నీళ్ళలో చెయ్యి మాత్రం పెట్టకండి. గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఎవరైనా బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. తలుపు వేసి స్నానం చేస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, తల తిరిగి పడిపోయేదాకా తెలియదు. గీజర్ బయటి గోడకు బిగించి నీళ్ళ పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకోవాలి.

పొగ పోవడానికి దారి: ఫ్యానా, చిమ్నీనా

పాత పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి ఎంతోకొంత పొగ పైకి పోయేది. స్లాబ్ వేశాక ఆ దారీ మూసుకుపోయింది. మిరపకాయలు వేసి పోపు పెడితే హాల్లో కూర్చున్నవాడు కూడా దగ్గుతున్నాడంటే మీ ఇంట్లో గాలి ఎటు పోతుందో అర్థమైనట్టే.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ పదిహేను వందల నుంచి మూడు వేలలో వస్తుంది. 8 బై 10 వంటింటికి 9 అంగుళాలది సరిపోతుంది, గదిలో గాలిని గంటకు పదిసార్లకు మించే బయటికి తోసేస్తుంది. రోజుకు రెండు గంటలు వేసినా నెలకు మూడు యూనిట్లే. చిమ్నీ అంటే పది వేల పైమాట, దానికి పైపు, బిగింపు వేరే. చిమ్నీ చేసే మేలు ఒకటుంది, పొగ గది అంతా కమ్మకముందే పొయ్యి మీదే లాగేస్తుంది. కానీ దాని పైపు బయటికి పోవాలి, వంపులు తక్కువుండాలి, పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో ఉండాలి.

నేను మోసపోయింది ఇక్కడే. పైపు లేని చిమ్నీ, గోడకు రంధ్రం అక్కర్లేదు, లోపలి ఫిల్టరే వాసన పీల్చేస్తుంది అని ఒక షాపులో అంటగట్టారు. అది నూనె జిడ్డును కొంత పట్టుకుని మిగతా గాలిని తిరిగి నా ముఖం మీదికే వదిలేది. వేడి అలాగే, ఘాటు అలాగే. ఆరు నెలలకు తీసి అటక మీద పెట్టి, రెండు వేల మూడొందల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను, ఇప్పటికీ అదే. కాబట్టి సొంతిల్లు, రోజూ డీప్ ఫ్రైలు, డబ్బుకు ఇబ్బంది లేదంటే పైపు ఉన్న చిమ్నీ. మిగతా అందరికీ ఫ్యాన్. పైపు లేని చిమ్నీ ఎవరికీ వద్దు.

ఫ్యాన్ ఎక్కడ పెట్టారన్నది దాని ధర కన్నా ముఖ్యం. పొయ్యి దగ్గరి గోడకు, పైన పెట్టాలి. తలుపు మీద పెడితే పొగ వంట చేసేవాళ్ళ ముక్కు ముందు నుంచే పోవాలి. గాలి బయటికి పోవాలంటే లోపలికి వచ్చే దారి కూడా ఉండాలి కాబట్టి ఎదురుగా తలుపో కిటికీనో బెత్తెడు తెరిచి ఉంచండి. పరీక్ష చాలా సులువు: ఒక అగరబత్తి వెలిగించి పొయ్యి దగ్గర నిలబడండి. దాని పొగ తీగ నేరుగా ఫ్యాన్ వైపు వంగితే సరే. మెలికలు తిరిగి మీ వైపే వస్తుంటే తలుపు ఇంకొంచెం తెరిచి చూడండి, ఎక్కడ ఆగితే పొగ వంగుతుందో అదే మీ ఇంటి కొలత.

కిటికీలు తెరిచి ఉంచమనడం అన్నిచోట్లా చెల్లదు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన ఉన్నవాళ్ళు, చిట్యాల, నార్కట్‌పల్లిలో హైవే ఒడ్డున ఉన్నవాళ్ళు గాలి వాటం చూసి రెండో వైపు కిటికీ తెరుచుకోవాలి. చేలల్లో పత్తి కట్టె తగలబెట్టే రోజుల్లో సాయంత్రం మూసుకోవడమే నయం.

దోమల చక్రం, అగరబత్తి

దీనిమీద నాకు కోపం ఎక్కువ, అందుకే సూటిగా చెబుతా. తలుపులన్నీ బిగించి, మంచం కింద దోమల చక్రం పెట్టి, పిల్లల్ని పడుకోబెడతాం. 2003లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఒక్క చక్రం పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 నుసి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత. పక్కన కూర్చుని ఒక్క సిగరెట్ కాలిస్తే మామయ్యను బయటికి పొమ్మంటాం కదా!

కిరాణా కొట్లో దొరికే దోమల అగరబత్తి ఇంకా అన్యాయం. దోమల మందు అమ్మాలంటే పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్యాకెట్ మీద ఆ నంబరు ఉండాలి. అది కనిపించకపోతే అక్కడే వదిలేయండి. ప్లగ్‌కు పెట్టే లిక్విడ్‌లో పొగ ఉండదు, చక్రం కన్నా మేలు, కానీ అదీ మందే, రాత్రంతా మూసిన గదిలో వద్దు. పడుకునే గంట ముందు వేసి తీసేయండి. వేపాకు పొగ సహజం అంటారు, పొగ పొగే.

దోమతెర మూడు నాలుగొందలు, కిటికీ జాలీ అడుగుల లెక్కన కొన్ని వందలు. చక్రాల ప్యాకెట్లకు ఏడాదికి పెట్టేది కూడితే అంతకన్నా ఎక్కువే. జాలీ పెట్టాక కిటికీ తెరిచి పడుకోవచ్చు, ఒక ఖర్చుతో రెండు పనులు. అద్దె ఇల్లయితే అతికించే జాలీ తెచ్చుకోండి.

దేవుడి దగ్గర అగరబత్తి మానమని నేను చెప్పను, మా అమ్మ ఊరుకోదు కూడా. అయితే గ్రాముకు గ్రాము చూస్తే అగరబత్తి వదిలే నుసి సిగరెట్ కన్నా నాలుగు రెట్లకు పైనే. ఇంట్లో ఉబ్బసం మనిషి ఉంటే ఒక పుల్ల చాలు, కిటికీ తెరిచి ఉంచండి, లేదంటే దీపం, పూలతో సరిపెట్టుకోండి.

బాలింత గది గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. మా చెల్లె కాన్పయినప్పుడు గది కిటికీలకు పాత చీరలు కట్టి, మంచం కింద కుంపటి పెట్టి, సాంబ్రాణి, వాము, ఎల్లిగడ్డ పొట్టు వేసి రోజుకు రెండుసార్లు ధూపం వేసేవాళ్ళు. పదకొండు రోజుల పిల్ల తుమ్ముతూనే ఉంది. "పొగ తల్గకుంటె సలి పుడ్తది బిడ్డా" అని మా అత్తమ్మ. చలి నిజమే, పచ్చి బాలింతకు వెచ్చదనం కావాలి. దానికి వేడినీళ్ళ సంచి ఉంది, మందం దుప్పటి ఉంది, తల ఆరడానికి పొడి తువ్వాలు, పొద్దుటి ఎండ ఉన్నాయి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎట్టి పరిస్థితిలో వద్దు, గీజర్ దగ్గర చెప్పిన వాసన లేని విషవాయువే అక్కడా పుడుతుంది. అత్తమ్మతో కొట్లాడలేక చివరికి ధూపం ముందు గదికి మార్చాం, ఆమె మాటా నిలబడింది.

ఇక ప్యూరిఫయర్, మొక్కలు

మొక్కలు అందం కోసం పెట్టుకోండి. స్నేక్ ప్లాంట్ గాలిని శుభ్రం చేస్తుందన్న మాట 1989లో నాసా చిన్న మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగం నుంచి పుట్టింది. మామూలు ఇంట్లో కిటికీ తెరిచినంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, కొన్ని లెక్కల్లో వెయ్యి దాకా కావాలని 2019లో తేల్చారు. ఇల్లు తోటమాలికి రాసిచ్చి మనం బయట పడుకోవాలి.

ప్యూరిఫయర్ పనికిరాదని కాదు. హెపా ఫిల్టర్ నుసిని బాగానే పడుతుంది, కానీ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు, వంటింటి జిడ్డుకు త్వరగా పాడవుతుంది, ఏటా ఫిల్టర్‌కు రెండు మూడు వేలు పెట్టాలి. తలుపులు తెరిచే ఉండే మన ఇళ్ళలో దానికి పని తక్కువ. రోడ్డు పక్కన ఉంటూ, ఇంట్లో ఉబ్బసమో సీఓపీడీయో ఉన్న మనిషి ఏసీ గదిలో పడుకుంటుంటే, అప్పుడు ఆ పడకగదికి కొనండి. 10 బై 12 గదికి సీఏడీఆర్, అంటే అది గంటకు శుభ్రం చేసి వదిలే గాలి, 170 ఘనపు మీటర్లకు తగ్గకూడదు. ఓజోన్ వదిలే రకాలు వద్దు, అది ఊపిరితిత్తులకు పడదు.

చేతిలో రెండు వేలే ఉంటే దోమతెర కొని, మిగిలిన దాంతో ఒక సిలిండర్ బుక్ చేయండి. ఐదు వేలుంటే వాటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కలపండి. పది వేల దాకా వస్తే ఇండక్షన్, కిటికీలకు జాలీ. ప్యూరిఫయర్ ఆ తర్వాత, అదీ అవసరమైతేనే.

మా మేనత్తకు ఈ మధ్యే ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. 400 చదరపు అడుగుల్లో వంటిల్లు కూడా ఇరికించాలి కాబట్టి మేస్త్రీ ముందు తగ్గించేది కిటికీనే. పునాది దశలోనే పోయి ఆయనతో మాట్లాడి వచ్చాను: పొయ్యి గట్టు బయటి గోడకే ఉండాలి, ఆ గోడకు పైన 10 అంగుళాల చదరపు రంధ్రం వదలాలి, దాని పక్కనే ఒక ప్లగ్ పాయింట్, ఎదురుగా రెండడుగుల కిటికీ. "గోడ లేపినంక కొడితే రెండు రోజుల కూలి సారూ, ఇప్పుడైతే నాలుగు ఇటుకలు మిగుల్తయి" అన్నాడు మేస్త్రీ.